హెలికాప్టర్ వచ్చేలోపు

జగిత్యాల నుంచి రాయికల్ మీదుగా బోర్నపల్లికి పోతే గోదావరి ఎదురవుతుంది. నది నడుమ కుర్రు అనే గడ్డ ఉంది. 2022 జూలైలో వరద ఉన్నట్టుండి పెరగడంతో పనికి వెళ్లిన 9 మంది కూలీలు ఆ గడ్డ మీదే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం వాళ్లను ఒడ్డుకు చేర్చింది. ఆ వార్త కోసం వెళ్లిన ఒక విలేకరి మాత్రం తిరుగు దారిలో కారుతో సహా వాగులో కొట్టుకుపోయి చనిపోయారు. ఒడ్డున నిలబడితే నాకు గడ్డ కంటే ఆ దారే ఎక్కువ భయం పుట్టించింది. పడవలు, తాళ్లు, అన్నం పొట్లాలు ఏవి రావాలన్నా ఇలాంటి వాగులు దాటే రావాలి మరి.

కోరుట్లలో జాతీయ రహదారిని వదిలి కథలాపూర్, వేములవాడల మీదుగా సిరిసిల్ల చేరాం. 2021 సెప్టెంబరులో ఈ నేత కార్మికుల పట్టణంలో కాలనీలు నీట మునిగితే హైదరాబాద్ నుంచి విపత్తు దళాన్ని రప్పించాల్సి వచ్చింది.

అసలు చూడాలనుకున్నది నర్మాల. గంభీరావుపేట మండలంలోని ఈ ఊరి దగ్గరే ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. నిండితే మత్తడి దుంకుతుంది, చూడ్డానికి జనం వస్తారు. 2025 ఆగస్టు 27న ఎగువన కామారెడ్డి వైపు కురిసిన వానకు ఆ నీళ్లు చూడబుద్ధి కానంత ఉధృతంగా దిగాయి. పశువుల దగ్గరికి వెళ్లిన ఐదుగురు రైతులు మానేరు అవతల చిక్కుకున్నారు. అదే వరదలో మరో రైతు కొట్టుకుపోయారు.

ఆ రాత్రంతా వాళ్లు అక్కడే ఉన్నారు. అధికారులు డ్రోన్‌తో ఆహారం పంపారు. మరునాడు వాయుసేన హెలికాప్టర్ వచ్చి ఐదుగురినీ క్షేమంగా తీసుకొచ్చింది. టీవీల్లో అందరూ చూసింది హెలికాప్టర్‌నే. నా మనసు మాత్రం ఆ డ్రోన్ దగ్గరే ఆగింది. పొట్లం కట్టినవాళ్లు, చీకట్లో మనుషులు ఎక్కడున్నారో చూపించినవాళ్లు ఒడ్డున లేకపోతే, పైలట్ వచ్చేదాకా ఆ ప్రాణాలకు దన్నెవరు?

సైన్యం తనంతట తాను రాదు. సాధారణంగా జిల్లా యంత్రాంగం రాష్ట్రాన్ని, రాష్ట్రం రక్షణ శాఖను అడగాలి. వాతావరణం సహకరించాలి. విపత్తుల్లో విదేశీ సైనిక వనరులను సైతం మరో దారి లేనప్పుడే వాడాలన్నది ఓస్లో మార్గదర్శకాలనే అంతర్జాతీయ నియమావళి సారం కూడా. అంటే సైన్యం రాకముందు, వచ్చాక కూడా పని పౌరులదే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు గండ్లు పూడ్చడానికి సైనిక ఇంజినీర్లు దిగారు, హెలికాప్టర్లు ఆహారం జారవిడిచాయి. కానీ మేడల మీదున్న కుటుంబాలకు, ఇరుకు సందుల్లోని ఇళ్లకు ఆ ఆహారాన్ని ఎక్కువగా చేర్చింది పడవలు, ట్రాక్టర్లు, స్వచ్ఛంద కార్యకర్తలే. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు వంతెనపై చిక్కుకున్న 9 మందిని హెలికాప్టర్ రాలేకపోయినప్పుడు ఒక జేసీబీ డ్రైవర్ తెగించి కాపాడారు.

మానేరు, గోదావరి ఒడ్డు ఊళ్లన్నిటికీ ఒక్కో జాబితా కావాలి: నదిలో గడ్డలెక్కడున్నాయి, ఏ మందలు ఎవరివి, కరెంటు తీగలు లేని మైదానమేది, పొట్లాలు అందుకునేదెవరు, వంట ఎక్కడ. ఊరి మనిషికి కంఠతా వచ్చిన ఈ వివరాలు కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో, అక్కడి నుంచి పైలట్ చేతిలో ఉండాలి, అదీ మృగశిర కార్తె లోపే.