హాలీవుడ్‌లో దర్శకుల తిరుగుబాటు

1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో సొంత థియేటర్లను వదులుకుని, ఆపై టెలివిజన్ దెబ్బకు కుదేలైన హాలీవుడ్ స్టూడియోలు, దారి తోచకే యువ దర్శకులకు తలుపు తీశాయి. తెరపై ఏది చూపకూడదో శాసిస్తూ పరిశ్రమే పెట్టుకున్న ‘ప్రొడక్షన్ కోడ్’ అనే నియమావళి స్థానంలో 1968లో ప్రేక్షకుల వయసును బట్టి ఇచ్చే రేటింగులు రావడం వారికి కలిసొచ్చింది. డెన్నిస్ హాపర్ సుమారు నాలుగు లక్షల డాలర్లతో తీసిన ‘ఈజీ రైడర్’ (1969) కోట్లు ఆర్జించాక నిర్మాతల భయం తగ్గింది (అభిరుచి మారిందనలేం). కొప్పోలా, ఆల్ట్‌మన్, స్కోర్సేసీ వంటివారు, సినిమాకు అసలు కర్త దర్శకుడేననే ఫ్రెంచి వాదాన్ని ఆచరణలో పెట్టి, తప్పుచేసినవాడికి శిక్ష తప్పనిసరి కాని కథలు చెప్పారు. ఆ స్వేచ్ఛను కుదించిన భారీ వ్యాపార చిత్రాల ఒరవడి కూడా అదే తరానికి చెందిన స్పీల్‌బర్గ్, లూకస్‌లదే. 1980లో దర్శకుడు చిమినో తీసిన ‘హెవెన్స్ గేట్’ దాదాపు 4.4 కోట్ల డాలర్లు మింగి బోల్తాపడగా, మరుసటి ఏడాది దానికి పెట్టుబడి పెట్టిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ ఎంజీఎంకు అమ్ముడుపోయింది.