నడుమ కూరిన ఆకు

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఉప్పల్ రింగురోడ్డు చూడాలి. వరంగల్, హన్మకొండ బస్సుల కోసం సంచులతో ఎగబడేవాళ్లు ఒకవైపు. అదే దారిన వచ్చిన గునుగు, తంగేడు మోపులు దింపుకుని అమ్మేవాళ్లు ఇంకోవైపు. ఊరికి పోలేనివాళ్ల కోసం ఊరే వచ్చి రోడ్డు పక్కన కూర్చుంటుంది. బీడు భూముల్లో ఎవరూ నాటకుండా మొలిచే గునుగుకు ఆ పూట ఎక్కడలేని ధర. బేరమాడకుండా కొన్నానని తెలిస్తే మా అత్తమ్మ ఊరుకోదు.

నాచారంలో మా ఇంటి హాలులో తాంబాలం పెట్టి, అడుగున గుమ్మడాకులు పరిచి కూర్చుందంటే ఆమె మధ్యాహ్నం దాకా లేవదు. గునుగు కాడలు సమంగా కోసి, కట్టలు కట్టి, కొసలకు రంగులద్దడం నా వంతు. గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస, ఆపైన బంతి. పైకి పోయినకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. చూసేవాళ్లకు కనిపించేది పూలే. వాటిని నిలబెట్టేది లోపల కూరిన ఆకు తుక్కు. "నడుమ గట్టిగ కూరు బిడ్డా, లేకుంటే చెరువు దాక పోకముందే వంగుతది" అంటుంది. చివరికి అన్నిటికంటే పైన పసుపు గౌరమ్మ.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండగయింది. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం చీరలు పంచడంతో సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరికింది. కాలనీల్లోకి వేదికలు, డీజేలు వచ్చాయి. ఇదంతా ఉత్త ఆర్భాటమని విసుక్కునేవాళ్లూ ఉన్నారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఉప్పల్‌లోని సర్వే శిక్షణ సంస్థ మీదుగా స్కాట్లాండ్ గుర్తొస్తుంది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీది అక్కడి లూయిస్ దీవి. కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, సేకరించింది ఆయనే. ఆయన చిన్నతనంలో ఆ గడ్డ మీద సైనికులు తప్ప మగవాళ్లెవరూ హైలాండ్ వాళ్ల గళ్ల దుస్తులు తొడగకూడదు. 1746లో కలోడెన్ దగ్గర తిరుగుబాటును అణిచాక పెట్టిన ఆ నిషేధం 1782 దాకా నడిచింది. మెకంజీ 1821లో పోయాడు. మరుసటి ఏడే బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చి, అదే గళ్ల కిల్టు కట్టుకుని కొలువుదీరాడు. ఆ వేడుకంతా దగ్గరుండి నడిపించింది నవలాకారుడు వాల్టర్ స్కాట్. దాన్ని చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఏటా సెప్టెంబరులో బ్రేమర్‌లో జరిగే హైలాండ్ ఆటలకు రాజకుటుంబమే వచ్చి కూర్చుంటుంది.

చులకనైన మన పండగకూ అలాగే పెద్దపీట వేస్తే తప్పేముంది? హెచ్ఎంటీ నగర్ చెరువు దగ్గర డీజే మోగితే మా అత్తమ్మ కూడా చెవులు మూసుకోదు. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కలుపుతుంది, మలీద ముద్దలు పంచుతుంది. కాకపోతే వేదికలు, చీరలు ఎవరైనా ఇవ్వగలరు. నడుమ ఆకు కూరడం మాత్రం తాంబాలం పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఈసారి మా అమ్మాయి బతుకమ్మ పక్కన నిలబడి రీలు తీసుకుంటానంది. "ముందు ఒక్క వరుస పేర్చు, అటెన్క తీసుకో" అని అత్తమ్మ షరతు పెట్టింది. వరుస కాస్త వంకర వచ్చింది. రీలు మాత్రం బాగా వచ్చింది.