గోడ మీద పిల్లి, గుమ్మడికాయ దొంగ

వదినా, ఓసారి ఇలా గోడ దగ్గరికి రా! ఆ చిక్కుళ్లు తర్వాత ఈనెలు తీసుకోవచ్చులే. మావాడు లైబ్రరీ నుంచి జపాను బొమ్మల పుస్తకం పట్టుకొచ్చాడు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చేసేవారట. ఏముంటుందిలే, అలలూ మంచుకొండలూను అనుకుంటూ పేజీలు తిప్పానా... తీరా చూస్తే బోలెడంత వేళాకోళం!

కునియోషి అని ఒకాయన. ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, పట్టుకి రంగులద్దేవాళ్ల ఇంట్లో పుట్టాడు. పిల్లులంటే ప్రాణంట, బొమ్మలేసే చోట కూడా అవే తిరుగుతుండేవట. నీకైతే ఒళ్లు మండిపోయేది!

సరే, అసలు సంగతి విను. అప్పుడక్కడ మిజునో తదకుని అని పెద్ద మంత్రి. పొదుపు, నీతి అంటూ జనం వెంటపడ్డాడు. నాటకాలవాళ్ల బొమ్మలూ, వేశ్యల బొమ్మలూ అచ్చేయకూడదని 1842లో హుకుం. బాగా అమ్ముడుపోయేవే అవి! అంటే బొమ్మలేసేవాళ్ల నోటి దగ్గర కూడు లాగేసినట్టేగా?

ఆ మరుసటేడే కునియోషి ఓ బొమ్మ వేశాడు. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక్క బొమ్మ. కథ పాతదే. రైకో అనే వీరుడు జబ్బుపడి పడుకుంటే సాలెపురుగు భూతం పైకొస్తుంది. ముందు కూర్చున్న అనుచరులేమో తాపీగా పలక ముందేసుకుని ఆట. వెనక చీకట్లో జెండాలు పట్టుకుని భూతాల దండు. జనం ఊరుకుంటారా? ఆ పడుకున్నది షోగనే, అంటే దేశాన్నేలే దొరే అన్నారు. ఒక అనుచరుడి బట్టల మీదున్నది మిజునో ఇంటి గుర్తేగా అన్నారు. ఆ భూతాలు ఆంక్షలతో పొట్ట కొట్టించుకున్నవాళ్లేనని, ఏ భూతం ఏ వృత్తివాడో లెక్కలు కట్టుకున్నారు. పబ్లిషరుకి గుండెలు జారిపోయి, అమ్మిన కాపీలు వెనక్కి తెప్పించి, చెక్కల మీద బొమ్మ గీకించేశాడు. కునియోషికి మాత్రం ఏ శిక్షా పడలేదు. ఎలా వేస్తారమ్మా? వేస్తే ఆ నిద్రమొహం మా దొరగారిదేనని ఒప్పుకున్నట్టు కాదూ! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమే.

నాకు దానికంటే ఇంకోటి నచ్చింది. అదీ ఈయనే 1847 ప్రాంతంలో వేసింది. మంత్రి పదవి ఊడింది గానీ భయం పూర్తిగా పోలేదు. ఇందులో ఉన్నదల్లా ఓ కొట్టు గోడ, దాని మీద ఆకతాయి ఎవడో మేకుతో గీకినట్టు పిచ్చిగీతలు. ఆ గీతల్లోనే నాటకాలవాళ్ల మొహాలు! ఒకడి కోటేరు ముక్కు, ఇంకొకడి గడ్డం. పేర్లెక్కడా లేవు, రోజూ నాటకాలు చూసేవాళ్లకి పేర్లెందుకు? మధ్యలో తలకి తువ్వాలు చుట్టుకుని ఓ పిల్లి గెంతుతోంది, దానికి రెండు తోకలు. గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడకి ముక్కూమొహం కూడా ఉన్నాయి వదినా. అడగొచ్చినవాడికి గోడేగా కనిపిస్తుంది!

ఆ పుస్తకంలోనే ఇంకో వేళాకోళం విను. మీసాల చేపొకటి భూమి కింద కదిలితే భూకంపాలొస్తాయని వాళ్లు చెప్పుకునేవారు. 1855లో భూకంపానికి ఎడో కూలిపోయాక, ఊరంతా ఆ చేపని చావబాదుతుంటే వడ్రంగులు మాత్రం దాని తరఫున నిలబడ్డట్టు బొమ్మలొచ్చాయి. పని దొరికింది మరి!

పుస్తకం సాయంత్రం పంపిస్తాలే. నువ్వు మాత్రం ఆ గోడ బొమ్మలో చిన్న ముద్ర ఎక్కడుందో వెతుకు. అచ్చేసుకోండని అధికారులు స్వయంగా కొట్టిచ్చిన ముద్ర అది.