సికింద్రాబాదుకు ఒక దినము సెలవు

మా పాస్టరేటు పల్లెలనుండి సికింద్రాబాదు పోయేవారిలో రెండు రకాలున్నారు. గాంధీ ఆసుపత్రికి పోయేవారు, పెండ్లి బట్టలు కొనబోయేవారు ఊరంతటికీ చెప్పి పోతారు. రెండవ రకము వారు ఎవరికీ చెప్పరు. వీరిలో ఎక్కువమంది, ఉన్న ఉద్యోగము చేసుకొంటూనే మరొక ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు అందుకొన్న మన పిల్లలు. ఈ జనవరిలో అటువంటి ప్రయాణమొకదానిలో మేము తోడు పోయాము.

కారేపల్లి వైపు పల్లెలో ఉన్న మా సంఘస్థుని కుమార్తె ఆమె. బి.ఎస్సీ., బి.యిడి. చదివి, పట్టణములోని ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుతోంది. జీతము పదో తారీఖు దాటితేగాని చేతికి రాదు. ఎండాకాలము సెలవులకు అసలే లేదు. తండ్రికి మిరప తోట మీద అప్పు, తమ్మునికి పాలిటెక్నిక్ ఫీజు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఉద్యోగములో చేరిన దినమే బడివారు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసికొని బీరువాలో పెట్టుకొన్నారు. వేరేచోట వెదకుతున్నదని తెలిస్తే ఏమగునో ఆమెకు తెలుసు. ముందటి ఏడు ఒక సారు ఇంటర్వ్యూకు పోయి వచ్చిన సంగతి పొక్కి, నడి సంవత్సరములో ఇంటికి పంపబడ్డాడట.

శనివారము పాటల ప్రాక్టీసు అయ్యాక మా ఇంటికి వచ్చి, మెల్లగా అడిగింది: "అయ్యగారూ, సెలవు చీటీలో అమ్మమ్మ చనిపోయిందని రాయనా?"

ఆ అమ్మమ్మను సమాధి చేసి ఆరేండ్లయింది. అయినా మన ప్రాంతములో అమ్మమ్మలు ఉద్యోగాల కోసం ఎన్నిసార్లు చనిపోతారో పాస్టర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. "సొంత పని మీద ఒక దినము సెలవు కావాలి అని రాయి తల్లీ. అది సత్యమే గదా. ఏ పని అని చీటీలో రాయనక్కరలేదు" అన్నాము. దుకాణాలలో, ఆఫీసులలో పనిచేసేవారికైతే 1988 నాటి మన చట్టమే ఏడాదికి 12 దినములు, సమంజసమైన ఏ కారణానికైనా జీతముతో కాజువల్ లీవు ఇచ్చింది. ఈమె బడిలో నెలకొక దినము ఆనవాయితీ. సర్కారు కొలువులో ఉన్నవారి సంగతి వేరు. వారు మరొక కొలువుకు పై అధికారి ద్వారానే దరఖాస్తు పంపి, అభ్యంతరము లేదన్న పత్రము తీసికొని పోవలెను గనుక అక్కడ గుట్టుకు తావు లేదు.

గుట్టు వేరు, అబద్ధము వేరు. నెహెమ్యా షూషను కోటలో రాజునకు గిన్నె అందించే ఉద్యోగి. కిస్లేవు మాసములో యెరూషలేము సంగతి విన్నవాడు నీసాను మాసము వరకు, అనగా నాలుగు నెలలపాటు, ఆ దుఃఖమును రాజునకు తెలుపలేదు. రాజు అడిగినప్పుడు ఉన్నమాట చెప్పి, ఎంత కాలమో నిర్ణయించి సెలవు పొందాడు. తీరా యెరూషలేము చేరాక గోడలను చూడడానికి రాత్రివేళ కొద్దిమందితో పోయాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ అధ్యాయము చదివి ఆ అమ్మాయి చీటీ తిరగ రాసుకొన్నది.

అవి మిరపకాయ ఏరే రోజులు గనుక తండ్రికి వీలుపడలేదు. మాకు కొన్ని ఆరాధన పుస్తకాలు కొనవలసియున్నది. మా ఇంటివారు కూడా బయలుదేరారు. ముగ్గురము డోర్నకల్ జంక్షన్‌లో రాత్రి బండి ఎక్కాము. కొత్తగూడెం వైపునుండి వచ్చే లైను ఇక్కడే కలుస్తుంది. బొగ్గు వ్యాగన్లు పోయేదాకా మన బండ్లు ఆగడము అలవాటే. 1912లో అజరయ్యగారు బిషప్పు అయినది ఈ డోర్నకల్‌కే. ఇండియా వారిలో ఆంగ్లికన్ బిషప్పు అయిన మొదటివాడు ఆయన. 1939లో ప్రతిష్ఠించబడిన కెథీడ్రలు ఇప్పటికీ దేవాలయపు స్తంభాలు, మసీదు గుమ్మటాల పోలికతో నిలిచియున్నది. చూడనివారు పగటి బండికి వచ్చి, దిగి చూడండి.

జనరల్ పెట్టెలో మహబూబాబాదు దగ్గర ఎనుమాముల మార్కెట్టుకు పోయే మిరప రైతులు ఎక్కారు. అందరికీ తుమ్ములే. వారిలో ఒకాయన కుమారుడు మన అమ్మాయి తరగతిలోనే ఉన్నాడట! "టీచరమ్మా, ఈ రాత్రివేళ ఎక్కడికి?" అన్నాడు. ఆమె ముఖము పాలిపోయింది. "సికింద్రాబాదుకండీ, పని ఉంది" అని మాత్రము అన్నది. మా ఇంటివారు వెంటనే మిరప ధర ఎత్తుకొన్నారు. వరంగల్లు వచ్చేదాకా ఆయన ఇక మరొక మాట మాట్లాడలేదు. రైతుకు ధరకంటే మించిన సంగతి లేదు.

తెల్లవారుజామున మౌలాలి గుట్ట దాటి సికింద్రాబాదులో దిగాము. 1874లో మొదలైన స్టేషను ఇది. మేము దిగిన దినమున కొత్త కట్టడపు పని నడుస్తూ, ఎటునుండి బయటికి పోవాలో తెలియకుండా ఉన్నది. అమ్మాయి ఊరిలో మామూలు చీరతోనే బయలుదేరింది. ఇస్త్రీ చీర కట్టుకొంటే ఇరుగుపొరుగు అడుగుతారు గదా. వెయిటింగ్ రూములో మార్చుకొని వచ్చింది. బయట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ఫలహారము ముగించాము.

ఈ ఊరు 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలిసింది. పుట్టినది ఇంగ్లీషు దండు కోసమే గనుక రోడ్లు వెడల్పు, చెట్లు ఎక్కువ. 1897 నాటి గడియార స్తంభము చూచి మారేడుపల్లి వైపు పోయాము. ఇంటర్వ్యూ ఉన్న బడి అటే. ఆమెను గేటు దగ్గర దింపి, 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో నీడకు కూర్చున్నాము. 2 గంటలు పట్టింది. ఆ 2 గంటలు మాకు ప్రసంగములో ఒక్క మాటైనా తోచలేదు. మా ఇంటివారు కండ్లు మూసుకొని ఉన్నారు. నిద్రా, ప్రార్థనా అని మేము అడుగలేదు.

ఆమె వచ్చి చెప్పింది. ఏడో తరగతిలో భిన్నములు చెప్పించారట. ఒరిజినల్స్ లేవనగానే కమిటీలో ఒకామె కనుబొమలు ముడిచిందట. ఈమె దాచలేదు. అవి బడివారి దగ్గర ఉన్నవని చెప్పి, జిరాక్సులు, సెల్‌ఫోనులో డిజిలాకర్‌నుండి తీసిన పదో తరగతి మెమో చూపింది. 2015లో సర్కారు పెట్టిన ఆ ఏర్పాటు పల్లె పిల్లలకు ఇటువంటి వేళ అక్కరకు వస్తున్నది. "ఇప్పుడున్న బడికి ఫోను చేయవచ్చునా?" అని అడిగితే, "ఉద్యోగము ఇస్తామన్నాక చేయండమ్మా, అంతవరకు వద్దని మనవి" అన్నదట. మార్చిలో పదో తరగతి పరీక్షలున్నవి, పిల్లలను నడుమ విడిచి రాలేను, జూనులో చేరతాను అని కూడా చెప్పింది. ఆ మాటతో అవకాశము పోయిందేమోనని ఆమెకు గుబులు.

తిరుగు బండికి ప్లాట్‌ఫారము మీద ఉండగా ఫోను తెరిచింది. హెడ్మాస్టరుగారివి 6 కాల్సు! చేతులు వణుకుతూ తిరిగి చేసింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద మైకులో బండ్ల పేర్లు మూడు భాషలలో మోగుతున్నవి. "ఎక్కడున్నావమ్మా?" అన్న కేక మాకు కూడా వినపడింది.

"సొంత పని మీద సికింద్రాబాదు వచ్చాను సార్. మార్కుల రిజిస్టరు బీరువా రెండో అరలో ఉంది. రేపు ప్రార్థన వేళకు బడిలో ఉంటాను."

అవతల చాలాసేపు మాట లేదు. తరువాత "సరే" అని పెట్టేశారు. బండి కదిలి భువనగిరి కోట కొండ మసక వెలుతురులో కనబడేదాకా ఆమె ఫోనును ఒడిలోనే పట్టుకొని కూర్చున్నది. మరునాడు ప్రార్థన గంటకు బడిలోనే ఉన్నది.

ఫిబ్రవరిలో కొత్త బడినుండి పిలుపు వచ్చింది. జీతము ఇంచుమించు రెట్టింపు, వేసవికి కూడా ఇస్తారు. ఇతరుల నోట వినకముందే తానే హెడ్మాస్టరుగారి గదికి పోయి చెప్పింది. ఆయన కోపపడి, సర్టిఫికెట్లు ఇప్పట్లో ఇవ్వమన్నారు. రెండు దినముల తరువాత తండ్రి, మా సంఘ పెద్ద ఒకరు పోయి మర్యాదగా మాట్లాడారు. పరీక్షలు ముగిసి, జవాబు పత్రాలు దిద్ది అప్పగించాక ఒక కవరులో పెట్టి ఇచ్చారు. ఇంటర్ మెమో మాత్రము అందులో లేదు. అది ఇంకొక వారము తరువాత, వేరొక పిల్లవాని ఫైలులో దొరికింది.