కొన్ని గంటల పాట

అభిమాని అనే మాటకి మన సాహిత్య విమర్శలో చోటు లేదు. పాఠకురాలు ఉంది, శ్రోత ఉంది, రసజ్ఞ ఉంది. అభిమాని అంటే మాత్రం సినిమాహాలు ముందు కటౌట్‌కి పాలు పోసే కుర్రాడే గుర్తొస్తాడు. ఆడపిల్ల అభిమానికి ఆ గుర్తింపు కూడా లేదు. వయసు తిక్క, పెళ్ళయితే అదే పోతుందంటారు. ఇంగ్లీషు పాటల లోకంలోనూ బీటిల్స్ కాలం నుంచీ అరిచి ఏడ్చే అమ్మాయిలంటే నవ్వులాటే. ఆ నవ్వే పరిశ్రమ వాళ్ళ డబ్బు మీద ఎంతగా ఆధారపడి ఉందో తెలియాలంటే ఇప్పటి డిజిటల్ లైవ్ ఆల్బమ్‌ల అమ్మకం చూడాలి.

కచేరీలో పాడిన పాటని రికార్డు చేసి ఫైలుగా అమ్ముతారు. గాయని సొంత దుకాణంలో తప్ప ఎక్కడా దొరకదు. అదీ కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. తరచుగా ఒక్క దేశం వాళ్ళకే.

ఒక్క పాట కోసం ఇంత గొడవేమిటని అడిగేవాళ్ళకి సాహిత్య విద్యార్థిగా నా జవాబు, అది పాఠాంతరం అని. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ యాత్రలో (2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా, 149 కచేరీలు) ప్రతి రాత్రీ ఒక్క గిటారుతోనో పియానోతోనో కొన్ని పాటలు పాడేది. ఏవి పాడుతుందో ముందు తెలియదు. 2024లో తరచుగా రెండు పాటల్ని ఒకటిగా కలిపి పాడేది. 2012లో వచ్చిన 'ట్రెచరస్'ని 2024 నాటి 'ది ఆల్కెమీ'తో కలిపి పారిస్‌లో పాడింది. ఇరవై రెండేళ్ళప్పటి భయాన్ని ముప్ఫై నాలుగేళ్ళ స్త్రీ తిరిగి చదువుకున్నట్టుంటుంది. కవయిత్రి తన పద్యానికి తనే రాసుకున్న వ్యాఖ్యానం అది. మన స్త్రీల పాటలూ ఇంటికో తీరుగా మారేవి కదా, ఆ తేడాల్లోనే ఆ ఇంటి కోడలి మనసు దొరికేది.

ఈ పాఠాంతరాన్ని అమ్మిన తీరు చూడండి. 2024 మే నెలలో పారిస్ పాటలు విడిగా రాలేదు. ఏప్రిల్లో విడుదలైన 'ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్' ఆల్బమ్ చివర ఒక్కొక్క పాట తగిలించి, వేర్వేరు ప్రతులుగా అమ్మారు. కొత్త పాట కావాలంటే, ఉన్న ఆల్బమ్‌నే మళ్ళీ కొనాలి. దీని వెనక లెక్క ఉంది. అప్పటి బిల్‌బోర్డ్ నిబంధనల ప్రకారం ఒక ఆల్బమ్ కొనడమంటే, చందా కట్టినవాళ్ళు ఆ ఆల్బమ్ పాటలు 1250 సార్లు విన్నదానితో సమానం. నూరుసార్లు కన్నీళ్ళతో విన్నా రాని అంకె, ఒక్క కొనుగోలుతో వస్తుంది.

అంతకు ముందు ఇలా లేదు. పెర్ల్ జామ్ బృందం 2000 నాటి యాత్రలో 72 కచేరీల్ని సీడీలుగా అమ్మింది. టోరీ ఏమోస్ 2007 యాత్రలో 27 కచేరీలు డౌన్‌లోడ్‌కి పెట్టింది. కొన్నవాళ్ళకి మొత్తం కచేరీ దక్కింది, మొదటి చప్పట్ల నుంచి చివరి చప్పట్ల దాకా.

బిల్లీ ఐలిష్ ఆల్బమ్ వచ్చిన 2024 మే వారంలో స్విఫ్ట్ కొత్త డిజిటల్ ప్రతులు వచ్చాయి. చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి పోటీపడుతున్న జూన్‌లో బ్రిటన్ వాళ్ళకే అమ్మే ప్రతులు వచ్చాయి. ఇంకేం, "ఆడదానికి ఆడదే శత్రువు" అన్న పాత పాటని పత్రికలు ఇంగ్లీషులో అందుకున్నాయి. అదే ఆగస్టులో ట్రావిస్ స్కాట్ రకరకాల డిజిటల్ ప్రతులతో సబ్రీనా కార్పెంటర్ మీద పోటీకి దిగి, దాదాపు వెయ్యి యూనిట్ల తేడాతో రెండో స్థానంలో ఆగాడు. అప్పుడు దాన్ని వ్యాపార వ్యూహం అన్నారు. ఈ తేడా నాకు మంటెక్కిస్తుంది. అలాగని స్విఫ్ట్‌ని వెనకేసుకు రాలేను. తన మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగులు 2019లో తన చేయి దాటి అమ్ముడుపోతే, నాలుగింటిని మళ్ళీ పాడి విడుదల చేసి, చివరికి 2025 మేలో అన్నిటినీ కొనుక్కున్న మనిషి ఆమె. పాట మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నని కోట్లమంది ఆడపిల్లలకి నేర్పింది. ఆ పిల్లల చేతికి వచ్చేసరికి పాట గడువు తేదీ ఉన్న సరుకైంది.

నా సొంత గొడవ ఇంకో గాయనితో, ఇంకో దుకాణంలో. లైవ్ ఆల్బమ్ అమెరికా చిరునామా ఉన్నవాళ్ళకే అన్నారు. డాలస్‌లో ఉన్న మా అక్క ఇంటి చిరునామా ఇచ్చాను. డబ్బు పోయింది, లింకు వచ్చింది. మూడుసార్లే నొక్కాలట. మా ఇంట్లో కరెంటు రెండుసార్లు పోయింది, మూడోసారి ఫైలు సగంలో ఆగింది. ఉత్తరం రాస్తే, అమ్మకం గడువు ముగిసిందని మర్యాదగా జవాబిచ్చారు. రాత్రి పన్నెండింటికి అక్క కూతురికి ఫోన్ చేశాను. పదిహేడేళ్ళ పిల్ల, సెలవురోజుల్లో ఐస్‌క్రీం కొట్లో పనిచేస్తుంది.

"పిన్నీ, ఫోన్‌తో చేశావా? జిప్ ఫైల్ ఫోన్‌లో సరిగ్గా రాదు. నా దగ్గరుంది, పంపిస్తాలే," అంది.

ఆ దుకాణం ఇవ్వని పాట పది నిమిషాల్లో వచ్చింది. చట్టం దృష్టిలో అది తప్పే.

దానికి అదే స్విఫ్ట్ ఆల్బమ్ నాలుగు ప్రతులున్నాయి. డబ్బు తగలేస్తున్నావని అక్క తిట్టిందట. "అన్నయ్య గేమ్‌లో కత్తికి రంగు కొంటే నువ్వు ఏమన్నా అన్నావా?" అని ఇది అడిగిందట. అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కానీ అది ఇంకోమాట కూడా చెప్పింది. నాలుగో ప్రతి కొన్నప్పుడు సంతోషం రాలేదట. కొనకపోతే తన స్నేహితురాళ్ళ మధ్య తను తక్కువ అభిమాని అయిపోతుందని భయమేసిందట. మార్కెట్ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ భయానికి పేరుంది గానీ, ఆ గొంతు లేదు.

ఇప్పుడు ఆ పిల్ల హార్డ్‌డిస్కులో ఊరూ తేదీ వారీగా పాటలున్నాయి. ఏ పాటని ఏ పాటతో కలిపిందో కూడా రాసుకుంది. ఇది పరిష్కర్త పని. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' పూర్తిగా అచ్చువేయించకపోతే, అంతకు ముందటి అచ్చుప్రతిలో వదిలేసిన పద్యాలు మనదాకా వచ్చేవేనా? అప్పుడు పద్యాల్ని వదిలేసింది నీతి పేరుతో. ఇప్పుడు గడియారం పేరుతో.

స్త్రీల గొంతులో పాఠాంతరాల మీద నేనొక వ్యాసం రాశాను. సమీక్షకురాలు ఒకే ప్రశ్న వేసింది. మీరు చర్చించిన లైవ్ పాట పాఠకులు ఎక్కడ వినగలరు, ఆధారం ఇవ్వండి అని. దుకాణంలో ఆ పేజీ లేదు. ఉన్నది డాలస్‌లో ఒక పిల్ల గదిలో. ఆ ఖాళీలో ఏం రాయాలో తోచక, వ్యాసం నెల రోజులుగా నా దగ్గరే ఉంది.