పిల్లలు ఖాళీ చేసిన ఊళ్ళో మూడు నెలల కాపురం

వేసవి సెలవులొస్తే మన ఇళ్ళు నిండుతాయి. అత్తవారిళ్ళ నుంచి ఆడపిల్లలు, హాస్టళ్ళ నుంచి మగపిల్లలు దిగుతారు. పడుకోడానికి చాపలు చాలవు. అమెరికాలో యూనివర్సిటీ ఉన్న ఊళ్ళలో మాత్రం ఇదంతా తలకిందులు. ఎండలు మొదలవగానే అక్కడ ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అయిపోతాయి. కాన్వొకేషనుకనో, పురిటికనో, ఒంట్లో బాగులేని పిల్లని చూసుకోడానికనో అక్కడికి వెళ్ళే తల్లులు ఇప్పుడు మనలో ఎందరో ఉన్నారు. నెలలకొద్దీ హోటల్లో ఉండలేం, పిల్లల గదుల్లో ఇరుక్కోలేం. అలాంటివారికి ఆ ఖాళీ ఇళ్ళే ఆధారం. అవి ఎలా దొరుకుతాయో, తీసుకునే ముందు ఏమేం చూసుకోవాలో మా అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

నేను చెప్పే ఊరు ఆన్ ఆర్బర్. మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ విమానాశ్రయం నుంచి కారులో అరగంట ప్రయాణం. మిషిగన్ యూనివర్సిటీ 1817లో డెట్రాయిట్‌లో పుట్టి, 1837లో ఈ ఊరికి తరలి వచ్చింది. 2020 జనాభా లెక్కల్లో ఊరి జనం 1,23,000 పైచిలుకు. చదువుకునే పిల్లలేమో 50,000 పైన! ఇక ఆ పిల్లలు వెళ్ళిపోతే ఊరు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా పెద్దమ్మాయి అక్కడ ఎమ్మెస్ చదివింది. 2023 ఫిబ్రవరిలో గడ్డకట్టిన మంచు మీద జారిపడి కాలు విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి ఉండే ఇంట్లో దాని గది మేడ మీద. ఎక్కాల్సిన మెట్లు ఇరవై మూడు. ఆ పిల్లలు పాపం రెండు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నారు కానీ మే నెల వస్తే వాళ్ళ ఉద్యోగాలకి వాళ్ళు వెళ్ళిపోవాలి. దీనికేమో లాబొరేటరీలో ఆగిపోయిన పని ఆగస్టులోగా పూర్తి చేస్తేనే డిగ్రీ. "అన్నీ వదిలేసి వచ్చెయ్యమ్మా" అని మావారు అంటే, "ఇంత అప్పు చేసి సగంలో ఎలా వస్తాను నాన్నా" అంది. అప్పు మాట నిజమే. మా తెనాలి ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. అందుకని నేనే బయలుదేరాను. మాకు కావలసిందల్లా మెట్లు లేని ఇల్లు, చిన్న వంటగది, దగ్గర్లో బస్సు.

ఆన్ ఆర్బర్‌లో విద్యార్థులుండే ఇళ్ళకి అద్దె కాగితం సాధారణంగా ఏడాదికి రాస్తారు. ఆగస్టు చివర్లో మొదలై మళ్ళీ ఆగస్టులో ముగుస్తుంది. చదువులు మాత్రం ఏప్రిల్ ఆఖరుకే అయిపోతాయి. ఊళ్ళో లేకపోయినా పిల్లలు మిగిలిన నెలల అద్దె కట్టాల్సిందే. ఉద్యోగానికి వెళ్ళిన చోట మళ్ళీ ఇంకో అద్దె. అందుకని ఆ నాలుగు నెలలకీ తమ ఇంటిని మరొకరికి ఇస్తారు. దాన్నే సబ్‌లెట్ అంటారు. మన దగ్గర అద్దెకున్నవాళ్ళు ఇంకొకరిని తెచ్చి పెడితే ఇంటివాళ్ళు ఊరుకోరు. అక్కడ ఇంటి యజమాని ఒప్పుకుంటే అది అందరూ చేసే పనే.

ఖాళీలు ఎక్కువ, అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి ధర బాగా దిగుతుంది. మాకు ఇల్లిచ్చిన అమ్మాయి లా చదువుతోంది, వేసవి ఉద్యోగానికి షికాగో వెళ్ళింది. తను నెలకి 1,400 డాలర్లు కట్టే ఇంటిని మాకు 850కి ఇచ్చింది. మిగతాది తన చేతి డబ్బే. మా అమ్మాయి కూడా తన మేడమీది గదిని అలాగే నష్టానికి ఇంకొకరికి ఇచ్చుకుంది. రెండు వైపులా చూశాం కాబట్టి చెబుతున్నాను. చవగ్గా దొరికిందని మనం సంబరపడే డబ్బు ఇంకో తల్లి కన్నబిడ్డ జేబులోంచి పోతోంది. అది గుర్తుంటే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

వెతకడం మార్చిలోనే మొదలుపెట్టండి. ఏప్రిల్ పరీక్షల నాటికి ధర ఇంకాస్త తగ్గుతుంది కానీ కింది అంతస్తు ఇళ్ళు అప్పటిదాకా ఆగవు. పిల్లల స్నేహితుల్ని అడగడం, యూనివర్సిటీవారి అద్దె ఇళ్ళ జాబితా చూడడం మంచి దారి. ఒంటరిగా వెళ్ళే పిల్లలకైతే ఇంటర్ కోఆపరేటివ్ కౌన్సిల్ వారి విద్యార్థి ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ వంట, శుభ్రం పనులు అందరూ వంతులవారీగా చేసుకోవాలి.

ఇల్లు చూడడానికి నేను తెనాలి నుంచి వెళ్ళలేను కదా! స్నేహితురాలు ఫోనులో చూపిస్తుంటే చూశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండైతే మనకి రాత్రి తొమ్మిదిన్నర. గోడలు, పరుపులు చూపించబోతే "ముందు వీధి నుంచి లోపలికి నడిచి చూపించమ్మా" అన్నాను. మెట్లు లేవన్న ఒక ఇంటికి అరుగు దగ్గరే నాలుగు మెట్లున్నాయి! తర్వాత వేడినీళ్ళ కుళాయి తిప్పించాను, స్నానాలగదిలో గట్టు ఎంత ఎత్తో చూపించమన్నాను, కిటికీలు తెరిపించాను. భూమికి దిగువన ఉండే గదులు చల్లగా ఉంటాయి కానీ కొన్నిట్లో చెమ్మ వాసన వస్తుంది. అది ఫోనులో తెలియదు, చూసినవాళ్ళనే అడగాలి. పాత కర్ర ఇళ్ళు చాలావాటిలో ఏసీ ఉండదు. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ అద్దెలో కలిశాయా, విడిగా కట్టాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఒక ప్రకటన చూసి అందరం ముచ్చటపడ్డాం. కింది అంతస్తు, తోట, అద్దె 500 మాత్రమే. ఇంటాయన విదేశంలో ఉన్నానని, రెండు నెలల అద్దె పంపితే తాళాలు పోస్టులో వస్తాయని రాశాడు. స్నేహితురాలు వెళ్ళి తలుపు తడితే ఎవరో కుటుంబం ఏళ్ళ తరబడి కాపురం ఉంటున్నారు. వాళ్ళకి ఈ సంగతే తెలియదు! లోపలికి వెళ్ళి చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకండి.

ఇల్లు కుదిరాక కాగితం సంగతి. సబ్‌లెట్‌లో మూడు పక్షాలుంటాయి: యజమాని, అసలు అద్దెకున్నవాళ్ళు, మనం. యజమాని ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. మనం ఏదైనా పాడుచేస్తే యజమాని అడిగేది అసలు అద్దెకున్న పిల్లనే. కాబట్టి ఆ అమ్మాయికీ ధైర్యం కావాలి, మనకీ కావాలి. మిషిగన్ చట్టం ప్రకారం డిపాజిట్ నెలన్నర అద్దెకి మించకూడదు. దిగేటప్పుడు ఇంట్లో ఏది ఏ స్థితిలో ఉందో రాసుకునే జాబితా ఒకటుంటుంది. దాన్ని నింపి ఏడు రోజుల్లోగా తిరిగివ్వాలి. ఖాళీ చేశాక నాలుగు రోజుల్లోగా మన కొత్త చిరునామా రాసివ్వాలి. ముప్ఫై రోజుల్లోగా డిపాజిట్టో, పట్టుకున్న డబ్బుకి లెక్కో పంపాలి. సబ్‌లెట్‌లో ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరు తిరిగిస్తారో పేరుతో సహా రాయించుకోండి. యూనివర్సిటీలో విద్యార్థులకి న్యాయ సలహా ఇచ్చే విభాగం ఉంది. మా అమ్మాయి సంతకానికి ముందు కాగితం అక్కడ చూపించుకుంది.

ఇక కాపురం. పరాయి పిల్ల గిన్నెలు, పరాయి పిల్ల దుప్పట్లు! ఆమె వస్తువులన్నీ ఒక అలమరలో సర్ది, నేను తీసుకెళ్ళిన చిన్న కుక్కరు, మూకుడు, పోపుల డబ్బా బయట పెట్టుకున్నాను. మొదటిరోజు పోపు వేయగానే పొగ గంట ఇల్లెగిరిపోయేలా మోగింది. తర్వాత నుంచి ముందు ఫ్యాను, కిటికీ, ఆ తర్వాతే ఆవాలు. కరెంటు పొయ్యి కట్టేసినా కాసేపు వేడిగానే ఉంటుంది. అందుకని పప్పు తాలింపుకి ముందే పొయ్యి కట్టేయడం అలవాటు చేసుకున్నాను.

కెర్రీటౌన్ అనే పేటలో బుధ, శనివారాల్లో రైతుబజారు జరుగుతుంది. అక్కడ రూబార్బ్ అని ఎర్రటి కాడలు అమ్ముతారు. చుక్కకూర కుటుంబమేనట. కాడలు తరిగి కందిపప్పులో వేస్తే అచ్చం మన చుక్కకూర పప్పు రుచే! ఆకులు మాత్రం విషం, తీసి పారేయాలి.

జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. అన్నాలు తిన్నాక అమ్మాయిని నడిపించేదాన్ని. మొదట వీధి చివరిదాకా, తర్వాత బస్సు స్టాపు దాకా. హ్యూరన్ నది ఒడ్డున నికల్స్ ఆర్బొరీటమ్ అనే పెద్ద వనం ఉంది. అందులో 1922లో డాక్టర్ అప్‌జాన్ ఇచ్చిన మొక్కలతో మొదలైన పియొనీ పూల తోట మే ఆఖరు నుంచి జూన్ మధ్య దాకా విరగబూస్తుంది. ఒక్కో పువ్వు దోసిలి నిండేంత ఉంటుంది. ఆ తోట చుట్టూ అది కర్ర పట్టుకుని తిరిగింది. జూలైలో ఆర్ట్ ఫెయిర్ జరుగుతుంది. 1960లో మొదలైన ఈ సంతకి మూడు రోజులు ఊరంతా జనమే. ఆ జనంలో కర్ర లేకుండా నడిచింది! ఆగస్టు మొదట్లో పని పూర్తిచేసి రిపోర్టు ఇచ్చేసింది.

ఖాళీ చేసే వారంలో ఊరు మళ్ళీ మారిపోతుంది. వీధుల పక్కన కుర్చీలు, బల్లలు, దీపాలు వదిలేసి ఉంటాయి. ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోవచ్చు. పరుపులు, మెత్తటి సోఫాలు మాత్రం తెచ్చుకోకండి, నల్లుల భయం. చాలా ఇళ్ళకి పాత కాగితం ఆగస్టు మధ్యలో ముగిసి కొత్తది నెలాఖరుకి గానీ మొదలవదు. నడుమ ఆ పదిరోజులూ ఎక్కడ తలదాచుకోవాలో తిరుగు టిక్కెట్టు కొనేటప్పుడే ఆలోచించుకోండి.

మేం వెళ్ళేముందు ఫ్రిజ్, పొయ్యి కడిగి, అలమరలోని ఆ అమ్మాయి గిన్నెల్ని మళ్ళీ వాటి చోట్లలో పెట్టి, గది గదికీ ఫొటోలు తీసి పంపాం. డిపాజిట్ పూర్తిగా వచ్చింది. "నా వంటిల్లు ఇంత శుభ్రంగా నేనెప్పుడూ ఉంచుకోలేదు" అని ఆ పిల్ల జవాబు రాసింది.

మీలో ఎవరికైనా ఇలాంటి ప్రయాణం పడితే కంగారు పడకండి. వేసవిలో అలాంటి ఊళ్ళో ఇల్లు దొరకడం కష్టం కాదు. మన పిల్లకి ఏం అవసరమో ముందు అదొక్కటి తేల్చుకుని, దానికి సరిపోయే ఇల్లే తీసుకోండి. అద్దె ఎంతో ఆ తర్వాత అడగవచ్చు, మెట్లు ఎన్నో ముందు అడగండి.