డెబ్భై డాలర్ల రీలు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, కపెల్ లాంటి ఊళ్లలో కాపురముండే తెలుగువాళ్లకి లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ జలాశయాలు కారెక్కితే గంటలోపు దూరం. పేరుమోసిన లేక్ ఫోర్క్ కూడా రెండు గంటలకి మించదు. ఇన్ని నీళ్లు పక్కనే ఉన్నాక పిల్లలకో పెద్దలకో గాలం సరదా పుట్టకుండా ఉండదు. ఇక్కడ గాలం అంటే అందరి నోటా వచ్చే చేప లార్జ్‌మౌత్ బాస్. సరదా పుట్టిన మర్నాడే వచ్చే ప్రశ్న, ఏ రీలు కొనాలి అని. దుకాణంలో అద్దాల బీరువా ముందు నిలబడితే 20 డాలర్ల రీలూ ఉంటుంది, 800 దాటినదీ ఉంటుంది. దూరం నించి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మంచినీటి చెరువుల్లో బాస్ పట్టే కొత్తవాళ్లకి 50 నుంచి 80 డాలర్ల మధ్య దొరికే, పేరున్న కంపెనీ స్పిన్నింగ్ రీలు చాలు. అంతకంటే కిందికి దిగితే చేపకి తెలుస్తుంది. పైకి పోతే మన జేబుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇది పిసినారి లెక్క కాదు. చేపని బట్టి కట్టిన లెక్క. బాస్ మాటుగాచి కొట్టే చేప. మన కొరమీనుకున్న అలవాటే దీనికీ ఉంది. గడ్డి దుబ్బుల పక్కనో, మునిగిన మొద్దుల దగ్గరో, పడవల రేవు స్తంభాల నీడలోనో కదలకుండా ఉండి, దగ్గరికొచ్చినదాన్ని గభాలున నోట కరుచుకుంటుంది. సముద్రంలో ట్యూనాలాగా వందల గజాల దారం లాక్కుని పారిపోదు. గాలానికి తగిలాక రెండు మూడు గుంజులు, ఒకటో రెండో ఎగురుళ్లు, నీళ్లపైన తల విదిలించడం, అంతే. ఒకటి రెండు నిమిషాల్లో అటో ఇటో తేలిపోతుంది. టెక్సాస్‌లో చాలా చెరువుల్లో 14 అంగుళాలకి తక్కువున్న లార్జ్‌మౌత్‌ని ఉంచుకోకూడదు, రోజుకి ఐదుకి మించి తీసుకోకూడదు. 14 అంగుళాల బాస్ తూగేది పౌండున్నర అటూ ఇటూ. గట్టున నిలబడి వేసేవాళ్లకి మామూలుగా పడేవి ఒకటి నుంచి మూడు పౌండ్లవే. కాబట్టి రీలు చేయాల్సిన పని పెద్దదేం కాదు. తేలికపాటి ఎరని చిక్కు పడకుండా విసరనివ్వాలి, చేప గుంజినప్పుడు దారం తెగకముందే వదలాలి, వదిలినదాన్ని మళ్లీ సాఫీగా చుట్టుకోవాలి.

డబ్బా మీద పెద్దక్షరాల్లో అచ్చేసే అంకెలకి ఈ పనితో సంబంధం లేదు. మొదటిది మ్యాక్స్ డ్రాగ్. డ్రాగ్ అంటే దారం చుట్టి ఉండే స్పూల్‌కి వేసిన బ్రేకు. లోపల ఫెల్ట్‌వో కార్బన్‌వో వాషర్లు పేర్చి ఉంటాయి. ముందున్న నాబ్ తిప్పినకొద్దీ అవి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. చేప ఆ ఒత్తిడికి మించి లాగితే స్పూల్ తిరిగి దారం వదులుతుంది. దారం ఎంత బరువుకి తెగుతుందో అందులో పావు వంతుకి, మహా అయితే మూడో వంతుకి డ్రాగ్ బిగించాలన్నది గాలం వేసేవాళ్లు ఎప్పటినుంచో పాటించే లెక్క. స్పిన్నింగ్ రీలుతో బాస్‌కి వాడేది 6 నుంచి 10 పౌండ్ల దారం. 8 పౌండ్ల దారమైతే డ్రాగ్ రెండు, రెండున్నర పౌండ్ల దగ్గర ఉండాలి. మరి డబ్బా మీద 30 పౌండ్లు, 40 పౌండ్లు అని రాసుకున్నది ఎవరి కోసం? ప్రపంచ రికార్డు లార్జ్‌మౌత్ బరువే 22 పౌండ్ల 4 ఔన్సులు. 1932లో జార్జియాలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టాడు. 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురీటా పట్టిన చేప ఔన్సులోపు తేడాతో ఎక్కువ తూగితే, అంత చిన్న తేడా నిబంధనలకి చాలక దాన్ని సమానమని లెక్కగట్టారు. టెక్సాస్ రికార్డు 1992లో లేక్ ఫోర్క్‌లో దొరికిన 18.18 పౌండ్ల చేప. 40 పౌండ్ల బ్రేకు బిగించి వీటిలో దేన్ని పట్టబోయినా ముందు తెగేది మన దారమే.

రెండో అంకె బేరింగులది. 10+1, 13+1 అని రాస్తారు. ప్లస్ తర్వాత ఉన్న ఒకటి, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టే రోలర్ బేరింగు. ముందున్న అంకెని మాత్రం ఊరూ పేరూ లేని 30 డాలర్ల రీళ్లు ఎంతైనా పెంచుకుంటూ పోతాయి. షిమానో వాళ్ల స్ట్రాడిక్ 200 డాలర్లు దాటుతుంది, దాని మీద ఉండేది 6+1. అదే కంపెనీ సెడోనా 70 డాలర్ల దగ్గర దొరుకుతుంది, అది 3+1. బేరింగులు పెరిగినకొద్దీ రీలు మెరుగయ్యే మాటే నిజమైతే 30 డాలర్ల 13+1 రీలు స్ట్రాడిక్‌ని తలదన్నాలి. అలా ఎక్కడా జరగలేదు. పళ్ల చక్రాలు ఎంత కొలతగా కోశారు, షాఫ్టు ఎంత తిన్నగా కూర్చుంది, బరువు పడ్డప్పుడు రీలు ఒళ్లు వంగకుండా నిలుస్తుందా అన్నవి డబ్బా మీద రాయరు. తుప్పు పట్టే చవక బేరింగు కంటే చక్కగా అమరిన బుషింగే నయం. బేరింగులు లెక్కపెట్టి రీలు కొనడం బెల్లు చూసి సైకిలు కొన్నట్టే. షిమానో కూడా మొదట సైకిళ్ల కంపెనీయే. 1921లో జపాన్‌లోని సకాయ్‌లో మొదలై, ముందు ఫ్రీవీళ్లు చేసి, 1970లో చేపల సామాన్లకి వచ్చింది. గేర్ల పళ్లు కోయడం వాళ్లకి తాతలనాటి విద్య, అది 70 డాలర్ల రీలులోనూ కనిపిస్తుంది.

అంకెలు వదిలేస్తే ఏం చూడాలి? చేత్తో పట్టుకుని చూడాలి. దుకాణంలో రీలు అడిగి తీసుకుని, డ్రాగ్ నాబ్ కొద్దిగా వదులు చేసి, స్పూల్‌ని రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. కదలడానికి ముందు ఒక క్షణం పట్టేసి, ఆ తర్వాత ఒక్క ఉదుటున జారిందంటే ఆ రీలు పక్కన పెట్టేయండి. మొదలైనప్పుడు ఎంత బిగువుందో తిరుగుతున్నంతసేపూ అంతే ఉండాలి. ఎందుకంత పట్టుదల అంటే, బాస్ తప్పించుకునేది ఎక్కువగా ఒడ్డు దగ్గరే. మనిషి నీడ చూసి బెదిరి ఒక చివరి గుంజు గుంజుతుంది. అప్పటికి రాడ్ కొసకీ చేపకీ మధ్య ఉన్నది నాలుగైదు అడుగుల దారం, అందులో సాగుడు ఏమీ మిగలదు. బ్రేకు ఆ ఒక్క క్షణం పట్టేసిందా, దారం ఫట్టున తెగుతుంది. ఈ డ్రాగ్ మెత్తదనంలో 70 డాలర్ల రీలుకీ 200 డాలర్ల రీలుకీ ఉన్న తేడా బాస్ బరువుకి తెలిసేంత కాదు. 20 డాలర్ల దానికీ 70 డాలర్ల దానికీ ఉన్న తేడా మాత్రం మొదటి మంచి చేపకే బయటపడుతుంది. నా వాదనంతా నిలబడేది దీని మీదే.

తర్వాత చూడాల్సింది లైన్ రోలర్. బెయిల్ తీగ చివర, దారం మలుపు తిరిగే చోట ఉంటుంది. దాని మీదుగా ఒక దారప్పోగు వేసి కాస్త బిగించి లాగితే అది తిరగాలి. అది కదలకుండా దారం మాత్రం జారిపోతుంటే దారానికి మెలి పడుతుంది. స్పిన్నింగ్ రీలులో స్పూల్ ఉన్నచోటే ఉంటుంది, రోటరే దాని చుట్టూ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. అందుకని కొంత మెలి దాని పుట్టుకలోనే ఉంది. దానికి రోలర్ మొరాయించడం కూడా తోడైతే, ఏదో ఒకరోజు విసరగానే దారం స్పూల్ మీంచి గుత్తిగా ఊడొస్తుంది. ఆ చిక్కు విప్పుతూ కూర్చోవడం కంటే కోసి పారేయడం మేలు. విసిరాక హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తోనే బెయిల్ మూసే అలవాటు చేసుకుంటే ఎంత ధర రీలుకైనా సగం పీడ విరగడవుతుంది. ఇక హ్యాండిల్‌ని వెనక్కి ఆడించి చూస్తే ఆట ఎంతుందో తెలుస్తుంది, గబగబా తిప్పితే రోటర్ వణుకుతుందో లేదో తెలుస్తుంది. సైజు 2500 తీసుకుంటే సరిపోతుంది. ఫ్లూగర్ వాళ్ల లెక్కలో అది 30. డైవాలో ఎల్‌టీ అని ఉన్న రకాల్లో 2500 అంటే పాత డైవా 2000 అంత ఒళ్లే. హ్యాండిల్ ఒక చుట్టుకి రోటర్ ఐదారు చుట్లు తిరిగే గేరు ఏదైనా బాస్‌కి పనికొస్తుంది.

సెడోనా, డైవా రీగల్ ఎల్‌టీ, ఫ్లూగర్ ప్రెసిడెంట్, ఇవన్నీ అటూ ఇటూగా 60, 70 డాలర్ల సరుకు. పండగ తగ్గింపుల్లో ఇంకాస్త దిగుతాయి. స్ట్రాడిక్‌కి పోతే అదనంగా ఏమొస్తుంది? తిప్పుడు ఇంకా మెత్తన, ఒళ్లు గట్టి, నీళ్లు చొరబడకుండా కొంత ఏర్పాటు, బరువు కొద్దిగా తక్కువ. ఆ తక్కువ ఎంతా అంటే, 2500 సైజులో సెడోనా, స్ట్రాడిక్ రెండూ 220, 250 గ్రాముల మధ్యలోనే ఉంటాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా పడవ మీద నిలబడి విసిరే పోటీగాళ్లకి పాతిక గ్రాములు మణికట్టుకి తెలియొచ్చు. శనివారం రెండు గంటలు గట్టున నిలబడేవాళ్లకి ఆ తేడా కంటే చేతికున్న వాచీ బరువెక్కువ.

దీనికి మనవాళ్లు వెంటనే చెప్పే జవాబు ఒకటుంది. చవకది రెండుసార్లు కొనే బదులు మంచిది ఒక్కసారి కొంటే జీవితాంతం ఉంటుంది కదా అని. ఫ్రిజ్జు విషయంలో నిజం, బంగారం విషయంలో మరీ నిజం. రీళ్ల విషయంలోనూ దీనికి సాక్ష్యం లేకపోలేదు. ఫ్రాన్స్‌లో కార్పానో ఏ పాన్స్ కంపెనీ చేసిన మిచెల్ 300 రీళ్లు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో లక్షల్లో అమ్ముడైనవి, ఇప్పటికీ పనిచేస్తున్నవి చాలానే ఉన్నాయి. అయితే అవి ఇన్నేళ్లు నిలిచింది ఆ కాలపు విలాస వస్తువులు కావడం వల్ల కాదు. మధ్యతరగతి కొనగలిగిన రీళ్లే అవి. లోపలి భాగాలు తక్కువ, ఎవరైనా విప్పి గ్రీజు పెట్టుకోవచ్చు. రీలు చచ్చేది ఇసుకలో పడేసినందుకు, నీళ్లలో ముంచినందుకు, డ్రాగ్ బిగించే ఉంచి గ్యారేజీలో ఏడాది వదిలేసి వాషర్లు అణిగిపోయేటట్టు చేసినందుకు. ఈ మూడూ 300 డాలర్ల రీలునీ చంపుతాయి. పైగా కొత్తవాళ్లలో ఎందరో రెండో వేసవికి క్రికెట్‌కో పికిల్‌బాల్‌కో మళ్లిపోతారు. మళ్లకుండా నిలిచినవాళ్లకి అప్పటికి తమ చేతికి ఏది కావాలో తెలిసి ఉంటుంది, 70 డాలర్లది పిల్లల చేతికి వెళుతుంది.

ఎదురు వైపు నుంచి వచ్చే మాట, మరి పాతిక డాలర్లకి రాడ్‌తో సహా వచ్చే సెట్టు చాలదా అని. పదేళ్లలోపు పిల్లలకైతే చాలు, నిజానికి వాళ్లకి స్పిన్నింగ్ రీలే వద్దు. జెబ్కో 33 లాంటి బటన్ నొక్కి విసిరే రీలు ఇస్తే చిక్కులూ ఉండవు, ఏడుపులూ ఉండవు. పెద్దవాళ్లకి మాత్రం ఆ సెట్టులో రాడ్ బాగానే ఉంటుంది, తేలిపోయేది రీలే. ఇక బాస్ పట్టే అమెరికన్లు ఎక్కువగా వాడేది బెయిట్‌కాస్టర్, అంటే విసిరినప్పుడు స్పూలే తిరిగే రీలు కదా అంటారు. బరువైన ఎరలకీ, దట్టమైన గడ్డిలోంచి లావు దారంతో చేపని పీకడానికీ అదే సరైనది, కాదనను. కానీ ఎనిమిదో వంతు ఔన్సు, అంటే మూడున్నర గ్రాముల ప్లాస్టిక్ పురుగుని విసరాలంటే చాలా బెయిట్‌కాస్టర్లలో ఎర ముందుకి పోదు, స్పూల్ మాత్రం ముందే తిరిగి దారం గూడు కట్టేస్తుంది. గాలాలు ఎక్కువ పడే ఊరి చెరువుల్లో చేపలు నోరు తెరిచేది ఆ చిన్న ఎరలకే.

మిగిలిన డబ్బుకి మంచి చోటు దారం. 10 నుంచి 15 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) చుట్టి, కొసకి 6 లేదా 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఆరడుగులు ముడేస్తే 70 డాలర్ల రీలుకి ప్రాణం వస్తుంది. పాత నైలాన్ దారం చుట్టిన షిమానో ఖరీదైన రీలు స్టెల్లా కూడా దాని ముందు దిగదుడుపే. బ్రెయిడ్ ఖాళీ స్పూల్ మీద జారిపోతుంది కాబట్టి కింద కొంచెం మోనో, అంటే ఒంటిపోగు నైలాన్, చుట్టాలి, అంచుకి మూడు మిల్లీమీటర్ల కింద ఆపాలి. అక్కడ ఆశపడి నిండా చుట్టినవాళ్లకి మొదటి విసురుకే బుద్ధొస్తుంది. లైసెన్సు ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. టెక్సాస్‌లో ఉంటున్నవాళ్లకి మంచినీటి లైసెన్సు 30 డాలర్లు, ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో తీరిపోతుంది. 17 ఏళ్లు నిండని పిల్లలకి అక్కర్లేదు. అన్నీ కలిపినా రీలుకే 200 పెట్టేవాళ్ల దగ్గరికి మనం రాము. 70 డాలర్లంటే ఆరు వేల రూపాయలు, అంత పెట్టి రీలా అనేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. డాలర్లలో జీతం తీసుకుని రూపాయల్లో ఖర్చు చూసుకునే లెక్కకి ఏ వస్తువూ నిలవదు.

ఈ వాదన చెల్లనిది ఒక్క చోట, ఉప్పునీళ్లలో. గాల్వెస్టన్‌కి వెళ్లి రెడ్‌ఫిష్‌కి గాలం వేయాలనుకుంటే 70 డాలర్ల రీలు కొనమని చెప్పను. చేప పెద్దది, పరుగు పొడవు, ఉప్పు అల్యూమినియాన్నీ బేరింగులనీ వదలదు. అక్కడికి పెన్ బ్యాటిల్, డైవా బీజీ లాంటివి 4000 సైజులో, వంద దాటి నూటయాభై లోపు తీసుకోవాలి. ఉన్న బాస్ రీలునే తీసుకెళ్లక తప్పకపోతే, ఆ రాత్రే డ్రాగ్ నాబ్ బిగించి, కుళాయి సన్నగా వదిలి పైపైన మంచినీళ్లతో కడిగి, తుడిచి ఆరబెట్టి, నాబ్ మళ్లీ వదులు చేసి, రోలర్ మీద ఒక చుక్క నూనె వేయండి.